తేలిక పని

ఊర్వశి అట్టపెట్టె విప్పి రెండు పట్టీలు తీసి మంచం మీద పెట్టింది. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. నడుముకు చుట్టుకునేంత పొడవు, బెత్తెడు వెడల్పు. వాటిని చూడగానే దమయంతి చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"కరెంటుదా?"

"కాదమ్మా. సిన్న బ్యాటరీ."

"బ్యాటరీలోంచి వొచ్చీదీ కరెంటే గదే. మొన్న టీవీలో సూపించినారు, సెల్లు పేలిపోయి మంచం కాలిపోనాది."

"ఇది పేలదు."

"స్కూటీ కొన్ననాడూ అలగే అన్నావు."

"స్కూటీ పేలిందేటే?"

"పేలనేదు. ఇంకా."

ఊర్వశి నవ్వింది. దమయంతికి నవ్వు రాలేదు. మంచి జరగబోతోందంటేనే ఆమెకు భయం ఎక్కువ. కూతురికి విశాఖపట్నంలో పరిశోధనశాలలో ఉద్యోగం వచ్చిందన్న రోజున అందరూ సంతోషపడుతుంటే, ఆ భవనం ఎన్ని అంతస్తులో, లిఫ్టు మధ్యలో ఆగిపోతే తలుపు ఎవరు తీస్తారో అడిగింది. సమాధానం సరిగా రాలేదని ఆ రాత్రంతా మేలుకునే ఉంది.

నల్ల పట్టీ కట్టుకుని రోజంతా పని చేస్తే ఒంట్లో పుట్టిన బడలికనంతా అది పట్టి ఉంచుతుంది. ఏ కండ ఎంత బిగిసింది, ఊపిరి ఎక్కడ ఆగింది, వేలు ఎక్కడ తిమ్మిరెక్కింది, అంతా. తెల్ల పట్టీ కట్టుకున్నవాళ్ల ఒంట్లోకి ఆ ఎనిమిది గంటల బడలికా ఎనిమిది నిమిషాల్లో దిగుతుంది. కాసేపటికి పోతుంది. ఊర్వశి వాళ్ల మేడమ్ పదకొండేళ్లు కష్టపడితే తయారైన వస్తువు అది.

"జీతాల కమిటీలో ఏడుగురున్నారు. వొచ్చే గురువారం ఏడుగురికీ తెల్ల పట్టీ కడతాం. ముందు పిక్కలు కాల్చీ డ్రమ్ము కాడ కేదారి మావయ్య బడలిక, తరవాత కొట్టుడు బల్ల మీద నీది."

"పెద్దోలకి మన నొప్పులెందుకే తల్లీ?"

"ఏ పని తేలికో, ఏ పని బరువో రాసీది ఆలే గదా. తెలుసుకునే రాయనీ."

దమయంతి తన అరచేతులు చూసుకుంది. జీడి నూనె తిని తిని నల్లబడ్డ చేతులు. వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"రేషన్ మిసనుకి నా ఏలే కనపడదు. దీనికి నా నడుం కనపడతాదేటి?" అంది.

*

కాశీబుగ్గ దాటాక రోడ్డు పక్కనే ఉంది ఆ జీడిపిక్కల కర్మాగారం. మధ్యలో ఒక గోడ. గోడకు అటు పిక్కలు కాల్చే డ్రమ్ము, ఇటు వాటిని కొట్టే బల్లలు. అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. అటు రోజుకూలి, ఇటు కిలోకింత. ఆఫీసు పుస్తకంలో అటువైపు పని "బరువు పని", ఇటువైపుది "తేలిక పని". ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అక్కడ ఎవరికీ తెలియదు.

"కూకుని సేసీ పనికి బరువేటి?" అనేవాడు మేస్త్రి బైరాగి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునే ఉంటాడు తను.

కాలిన పిక్కను రాతి మీద నిలబెట్టి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. దెబ్బ తక్కువైతే పెంకు విడదు, ఎక్కువైతే పప్పు బద్దలవుతుంది. గుండుగా వచ్చిన పప్పుకే పూర్తి కూలి. బద్దలకు సగం. నూనె చేతికి అంటకుండా బూడిద పూసుకోవాలి. అయినా అంటుతుంది.

దమయంతి అయ్య ఇరవయ్యేళ్లు ఆ డ్రమ్ము దగ్గరే చేశాడు. పన్నెండేళ్ల పిల్లగా ఆమె గంజి క్యారేజీ పట్టుకెళ్లి పక్కన నిలబడేది. మొదట పచ్చి వాసన వస్తుంది. తర్వాత ముక్కు మండించే నూనె ఘాటు. ఆ ఘాటు లోపలినుంచి ఎక్కడో ఒక తియ్యటి వాసన తొంగిచూస్తుంది. అది ఉండేది నాలుగు ఊపిర్లసేపు. అప్పుడే డ్రమ్ము ఒంపాలి. అయ్య కళ్లు మూసుకుని "ఇప్పుడా?" అని అడిగేవాడు. ఆమె "ఇప్పుడు" అనేది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

అయ్యకు పొగతో ఊపిరితిత్తులు పోయాక, పద్దెనిమిదేళ్ల దమయంతి వెళ్లి ఆ పని తనకిమ్మని అడిగింది. అప్పటి మేస్త్రి పడీపడీ నవ్వాడు. "డ్రమ్ము కాడ ఆడగుంటా? సీర అంటుకుంటే ఎవుడు సెప్పాల సమాదానం?" అన్నాడు. ఆ మాట ఆమెను పట్టుకుంది. ఆ రాత్రి కలలో చీర అంటుకుంది కూడా. మళ్లీ అడగలేదు.

ఇటువైపు బల్ల మీద కూర్చుని ముప్ఫయి ఒక్క ఏళ్లయింది. రోజూ పది గంటలకు మొదటి విడత వాసన గోడ మీదుగా వస్తుంది. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగుతుంది. "ఇప్పుడు" అనుకుంటుంది పెదాల్లోనే. అటు కేదారి అర నిమిషం ఆలస్యంగా ఒంపుతాడు. మంచివాడే, కానీ పొగకు ముక్కు చచ్చిపోయింది. ఆ అర నిమిషానికి పప్పు మాడి పెళుసెక్కుతుంది, ఇటు ఇరవై రెండుమంది ఆడవాళ్ల చేతుల్లో బద్దలవుతుంది. కేదారి కూలి కేదారికి వస్తుంది. సగం కూలి వీళ్లకు.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉంది. మేస్త్రి ఎప్పుడు లోపలికి అడుగుపెట్టినా, గుమ్మం పక్కన కూర్చునే గున్నమ్మ ఖాళీ చెక్క మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తుంది. టక్ టక్. అంతే, వంగిన నడుములన్నీ ఒక్కసారి లేస్తాయి. జారిన పైటలు సర్దుకుంటాయి. ఎవరో ఒకరు కూనిరాగం తీస్తారు. అలిసిన మనిషి మేస్త్రి కంటపడితే "రేపు రాకు, ఇంట్లో తొంగో" అంటాడు. ఒక్క నాగా తర్వాత ఆ చోటు ఉంటుందో ఉండదో. అందుకని ఆ షెడ్డులో ఎవరూ అలిసిపోరు.

*

పట్టీ కట్టుకునే ముందురోజు దమయంతి, చోటు పోతుందేమోనని భయపడుతూనే, పనికి వెళ్లకుండా పడుకుంది. మర్నాడు పొద్దున్నే రెండు నొప్పి మాత్రలు మింగింది. పాత చీర చింపి నడుముకు బిగించి కట్టుకుంది, దాని మీద నల్ల పట్టీ. వేళ్లకు ఆముదం మర్దించుకుంది. కూతురి పరీక్ష ఇది. ఏ పరీక్షకూ తాను పక్కన కూర్చుని చదివించింది లేదు, తనకు ఐదో తరగతి దాటి రాదు. ఇదొక్కటి తన చేతిలో ఉన్న పరీక్ష.

రోజంతా మేస్త్రి వెనకే నిలబడి ఉన్నట్టు కూర్చుంది. నడుం వంచలేదు. పది గంటలకు వాసన వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టి రాయికేసి చూసింది. "కొత్త పెళ్లికూతుర్లాగ కూకున్నావేటే?" అంది గున్నమ్మ.

"మాటాడకొదినా. మిసను ఇంటాది."

"ఇంటే ఇననీ. నీకన్నా అదే నయం, నానేటి సెప్పినా నువ్విన్నావు గనకా!"

రెండు రోజుల తర్వాత ఊర్వశి ఆమెను విశాఖపట్నం తీసుకెళ్లింది. సంతకం కావాలన్నారట. పరిశోధనశాల చల్లగా, ఆసుపత్రిలా ఉంది. దమయంతి గోడ వారనే నడిచింది. అక్కడ చదువుకునే కుర్రాడు శరత్, చొక్కా కింద తెల్ల పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముందు కేదారి డ్రమ్ము దగ్గర పట్టీ కట్టుకున్న రోజు పెట్టారు. మూడో నిమిషానికి అతని ముఖం ఎర్రబడింది. ఆరో నిమిషానికి భుజాలు జారిపోయాయి. ఎనిమిదికి తల బల్ల మీద వాల్చేశాడు. ఎవరో నీళ్లిచ్చారు. దమయంతి పైట కొంగు నోట్లో పెట్టుకుంది. పిల్లాడికి ఏదైనా అయితే వాళ్లమ్మకు ఏం చెప్తారు?

గంట ఆగి దమయంతి రోజు పెట్టారు. ఎనిమిది నిమిషాలయ్యాక శరత్ లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. "ఏం లేదు మేడమ్. కాస్త బద్ధకంగా ఉంది, అంతే. మీకు అలుపే రాదా ఆంటీ?" అన్నాడు నవ్వుతూ.

దమయంతి గుండె పొంగింది. నెగ్గాను అనుకుంది. కూతురి ముఖం చూసేదాకా.

ఊర్వశి ముఖంలో నెత్తురు లేదు. మేడమ్ నళినీబాల కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అంది: "ఊర్వశీ, మీ అమ్మగారు పనిచేస్తారనే ఆ ఫ్యాక్టరీ తీసుకున్నాం. కానీ వచ్చింది వచ్చినట్టే కమిటీకి పంపాలి. తేలిక పనే అని యంత్రం చెప్తే మనం కాదనలేం. ఒకసారి అలా రాసుకుంటే ఇంక ఎవరూ మార్చలేరు. యంత్రమే చెప్పిందంటారు."

బస్సు స్టాండుకు రాగానే దమయంతి కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకేటైనా రోగముందని తేలిందేటే? సెప్పీ. నాను తట్టుకుంటాను."

"నీకే రోగం నేదమ్మా. నీకు అలుపే నేదు. మిసను సెప్పింది." ఊర్వశి బెంచీ మీద కూర్చుంది. "నా సిన్నప్పుడు నువ్వు అన్నం కలిపి ముద్ద పెడతా పెడతా నిద్రోయీదానివి. ముద్ద సేతిలోనే ఉండీది. అదెక్కడికి పోనాదమ్మా?"

దమయంతి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది. మాత్రలు, గుడ్డ, ముందురోజు నిద్ర, అన్నీ. చెప్తున్నకొద్దీ తాను చేసినది ఆమెకే అర్థమయింది. ముప్ఫయి ఒక్క ఏళ్లుగా మేస్త్రి దగ్గర దాచినదాన్ని కూతురి దగ్గర కూడా దాచింది. ఇరవై రెండుమంది అలుపూ తన ఒక్కదాని నడుం కింద దాగిపోయింది.

"ఇంకొక్క రోజుంది," అంది ఊర్వశి కళ్లు తుడుచుకుని. "మంగళవారం. మేడమ్ ఒప్పుకుంటాది. కానీ నువ్వు దాచకండా ఉండగలవా?"

"ఏమోనే," అంది దమయంతి. అబద్ధం ఆడలేదు.

*

మంగళవారం పొద్దున్న ఆమె గున్నమ్మ ముందు నిలబడి చేతులు పట్టుకుంది.

"వొదినా, ఇయ్యాల ఆ రెండు దెబ్బలు ఎయ్యకు."

"ఓలమ్మో! మేస్త్రి సూస్తే?"

"సూడనీ. నువ్వు కొడితే నా నడుం దానంతటదే నేచిపోతాది. నా మాటినదు."

గున్నమ్మ బల్లలన్నిటి వైపూ చూసింది. అందరూ విన్నారు. గున్నమ్మ ఖాళీ చెక్క తీసి తన కిందేసుకుని కూర్చుంది.

మొదటి గంటలో దమయంతికి ఏమీ తెలియలేదు. తర్వాత తెలియడం మొదలయింది. ఎడమ భుజంలో ఒక మంట ఉందని, అది ఎప్పటినుంచో ఉందని. కుడి చేతి చిటికెన వేలు తనది కానట్టుందని. నడుం వంగింది, వంగనిచ్చింది. మేస్త్రి వచ్చాడు. టక్ టక్ వినపడలేదు. ఇరవై రెండు నడుములు వంగినవి వంగినట్టే ఉన్నాయి. బైరాగి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ షెడ్డు తనది కాదేమో అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "ఏటి, అందరికీ జొరమా?" అన్నాడు. సుత్తులు ఆగలేదు. అందరినీ ఒకేసారి "రేపు రాకు" అనడం అతనికి చేతకాలేదు.

పది గంటలకు వాసన వచ్చింది. ఈసారి ఆమె ఊపిరి బిగపట్టలేదు.

ఆ సాయంత్రం కమిటీకి పంపే ముందు ఊర్వశి తెల్ల పట్టీ తనే కట్టుకుంది. ఇంట్లోనే, అమ్మ ఎదురుగా. ఎనిమిది నిమిషాలయ్యేసరికి ఆ పిల్ల కుడి చేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఎడమ చేత్తో ఒక్కొక్కటీ విప్పుకోవాలని చూసింది, విడలేదు. దమయంతి భయంతో ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని రుద్దింది. "వొద్దన్నాను గదే, ఇప్పీ, ఇప్పీ!"

"ఉండమ్మా." ఊర్వశికి మాట సరిగా రావడం లేదు. "మజ్జిలో ఒక కాడ... లేచిపోదామనిపించింది. ఎక్కడికో తెల్దు. పాదాలు నేల్ని తన్నినాయి. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. మల్ల కూకుండిపోనాను. అదే ఎక్కువ నొప్పెట్టిందే అమ్మా, ఏళ్లు కాదు. కేదారి మావయ్యది కట్టుకున్నప్పుడు అలటిది నేదు. లెక్కేస్తే అది పది గంటలౌతాది, అప్పుడేటైంది నీకు?"

పట్టీకి మనసు తెలియదు, ఒళ్లే తెలుసు. ఆ ఒళ్లు ముప్ఫయి ఒక్క ఏళ్లుగా రోజూ పది గంటలకు సగం లేచి కూర్చుంటోందని దమయంతికే తెలియదు.

"ఏటీ నేదు," అంది ముందు. వేళ్లు రుద్దుతూనే ఉంది. అప్పుడు, జీవితంలో మొదటిసారి, అయ్య గురించి, క్యారేజీ గురించి, ఆ తియ్యటి వాసన గురించి కూతురికి చెప్పింది.

*

గురువారం కమిటీలో ఏడుగురి ఒంట్లోకీ దమయంతి మంగళవారం దిగింది. వాళ్లలో ఒకాయన సంతకం పెట్టడానికి కలం పట్టుకోలేక సాయంత్రం దాకా కూర్చున్నాడట. పదిహేను రోజుల్లో కాగితం వచ్చింది. కొట్టుడు పని బరువు పని. రోజుకూలి. డ్రమ్ముతో సమానం.

షెడ్డులో పకోడీలు పంచుకున్నారు. గున్నమ్మ చెక్క మీద టక్ టక్ కొట్టి, మేస్త్రి లేకపోయినా అందరినీ నవ్వించింది. దమయంతి ఒక్కతే పకోడీ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇంత మంచి జరిగాక ఏదో జరగాలి.

జరిగింది. సోమవారం నాడు గేటు దగ్గర మగవాళ్లు బారు తీరారు. మూటలు మోసేవాళ్లు, ఊళ్లలోంచి వచ్చిన కుర్రవాళ్లు. నీడపట్టున కూర్చుని చేసే పని, రోజుకూలి. ఎవరికి చేదు? బైరాగి కాగితం ఊపాడు.

"మీరే అన్నారు గదమ్మా బరువు పనని. బరువు పనికి ముందు మగోల్ని తీసుకోవాలని ఆపీసోలు సెప్పినారు. ఆడోల్ని కస్టపెట్టకూడదంట."

వారంలో పదమూడుమంది ఆడవాళ్లను పంపేశారు. గున్నమ్మ మొదటిరోజే. "నీ కూతురు మన పనికి బరువు తెచ్చినాదే దమయంతీ. మనల్ని తీసి పక్కన పెట్టినారు," అంది. కోపంగా అనలేదు. అదే దమయంతికి గుచ్చుకుంది. గున్నమ్మ రోజూ పొద్దున్న గేటు దాకా వచ్చి, రోడ్డుకు అవతల కాసేపు నిలబడి వెళ్లేది. లోపల కొత్త చేతులు సుత్తులు ఎత్తి దభీదభీమని కొట్టేవి. బల్లల నిండా బద్దలే. వాళ్లకు మాత్రం కూలి కోయలేదు. కొత్తవాళ్లు కదా, నేర్చుకుంటారు అన్నాడు మేస్త్రి.

ఊర్వశి ఇంటికొచ్చి గోడకు జారగిలబడి ఏడ్చింది. "నా మిసను వల్లేనమ్మా."

"మిసను తప్పేటుంది? అది ఉన్నది సెప్పింది," అంది దమయంతి. ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. కేదారి కూడా అంతకు రెండు రోజుల ముందే బల్ల దగ్గరకు వచ్చేశాడు. "మోకాళ్లు పోనాయప్పా. అదే కూలికి కూకుని సేసుకుంటాను" అన్నాడు. అదే కూలికి మంటలో నిలబడే మగవాడు ఇంకొకడు దొరకలేదు. అప్పటినుంచీ డ్రమ్ము చల్లగా ఉంది. పది గంటలకు వాసన రాలేదు. రాకపోతే ఎలా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసింది.

మర్నాడు బైరాగి కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది. చీర అంటుకుంటుంది, పొగ పడుతుంది, అయ్యలాగే ఊపిరి పోతుంది, ఊర్వశికి తల్లి ఉండదు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటిని రానిస్తూనే నోరు విప్పింది.

"డ్రమ్ము నాను తిప్పుతాను బావూ."

బైరాగి నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు, యజమాని రెండుసార్లు ఫోను చేశాడు. "సరే. ఇప్పుడు దానికి మీట పెట్టినారులే, ఒంచడవే. ఆడోలు సేసీదే. తేలిక పని కింద రాస్తాను. సగం కూలి."

మీట పెట్టి నాలుగేళ్లయింది. కేదారి ఒంచినన్నాళ్లూ అది బరువు పనే.

"ఇద్దరం గావాలి," అంది. "గున్నమ్మొదినని పిలిపించు. ఏటి రాసుకుంటావో రాసుకో. మా పిల్ల మల్లా పట్టీ తెస్తాది."

*

పొద్దున్న ఊర్వశి అమ్మ నడుముకు నల్ల పట్టీ తనే కట్టింది. పైన మందపాటి నూలు చొక్కా తొడిగింది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా పైకి దోపింది. "మాత్రలేటైనా యేసుకున్నావా?" అని అడిగింది అనుమానంగా. దమయంతి నోరు తెరిచి చూపించింది.

డ్రమ్ము తిరుగుతోంది. మంట ముఖానికి కొడుతోంది. గున్నమ్మ మీట పట్టుకుని నిలబడింది. పచ్చి వాసన వచ్చింది. తర్వాత ఘాటు. దమయంతి కళ్లు మూసుకుంది. గోడకు ఇవతల నిలబడితే వాసన ఇంత దగ్గరగా ఉంటుందని మర్చిపోయింది. అయ్య బనీను చెమట వాసన కూడా వచ్చిందనిపించింది.

"ఇప్పుడా?" అంది గున్నమ్మ.

ఒక ఊపిరి. ఇంకొక ఊపిరి. లోపలినుంచి, ఎక్కడినుంచో, తియ్యగా.

"ఇప్పుడు."

మీట ఒంగింది. పిక్కలు గలగలా దొర్లి పళ్లెంలో పడ్డాయి. అన్నీ ఒకే రంగు. ఒక్కటీ మాడలేదు. అవి బల్లల మీదికి వెళ్లి కొట్టడం మొదలయ్యాక గోడకు అవతల కేదారి గొంతు వినపడింది: "ఓర్నాయనో, అన్నీ గుండులేరా!"

సాయంత్రానికి ఆరు విడతలు దింపారు. ఆఖరిది దించాక దమయంతి అక్కడే, బూడిద కుప్ప పక్కన నేల మీద కూలబడింది. గుమ్మం వైపు చెప్పుల చప్పుడు. మేస్త్రి వస్తున్నాడు. గున్నమ్మ చెయ్యి దానంతటదే ఇనప డ్రమ్ము వైపు వెళ్లింది, రెండు దెబ్బలు వేయడానికి.

దమయంతి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గేటు దగ్గర నిలబడ్డ కూతురికి, గోడకు అవతలి బల్లలకు, గుమ్మంలోకి వచ్చిన మనిషికి, అందరికీ వినపడేంత గట్టిగా అంది.

"అలిసిపోనాను."